పిల్లలకు ఆపరేషన్ తర్వాత వాంతులు కాకుండా ఏం చేయాలి: ముందు రోజు నుంచి ఇంటికి చేరేదాకా

ఆపరేషన్ బాగా జరిగిందని డాక్టర్ చెప్పి వెళ్లాక తల్లిదండ్రులను ఎక్కువగా కంగారు పెట్టేది వాంతులే. "నీళ్లు తాగించగానే కక్కేశాడు, మళ్లీ ఇవ్వాలా వద్దా?", "పోయినసారి రోజంతా వాంతులయ్యాయి, ఈసారి కాకుండా ఏమైనా చేయొచ్చా?" అని చాలామంది అడుగుతున్నారు. చేయొచ్చు. కాకపోతే చేయాల్సిన పనుల్లో ఎక్కువ భాగం బిడ్డను థియేటర్‌లోకి తీసుకెళ్లక ముందే పూర్తవ్వాలి. మొదలైన వాంతులను ఆపడం కంటే రాకుండా చూసుకోవడమే తేలిక.

ఇక్కడ రాసింది మామూలుగా ఆరోగ్యంగా ఉండి, ముందే తేదీ తీసుకున్న ఆపరేషన్‌కు వెళ్లే పిల్లల గురించి. ఎమర్జెన్సీ ఆపరేషన్లు, పేగుల ఆపరేషన్లు, పసికందులు, షుగర్ లాంటి జబ్బులున్న పిల్లలు అయితే మీ డాక్టర్ చెప్పిందే లెక్క.

## 1. ముందుగా ముప్పు ఎంతో లెక్క వేసుకోండి

నాలుగే ప్రశ్నలు. 2004లో పిల్లల కోసమే తయారైన స్కోరు ఇది. ఒక్కో "అవును"కి ఒక మార్కు వేయండి.

- ఆపరేషన్‌కు అరగంట, అంతకన్నా ఎక్కువ పడుతుందా?
- బిడ్డకు 3 ఏళ్లు నిండాయా?
- మెల్లకన్ను సరిచేసే ఆపరేషనా?
- బిడ్డకు గతంలో ఆపరేషన్ తర్వాత వాంతులయ్యాయా, లేదా అమ్మానాన్నల్లో, తోబుట్టువుల్లో ఎవరికైనా అయ్యాయా?

వాంతుల మందు ముందుగా ఏదీ ఇవ్వకపోతే, సున్నా లేదా ఒక మార్కు వచ్చిన పిల్లల్లో సుమారు 10 శాతం మందికే వాంతులవుతాయి. రెండు మార్కులైతే 30 శాతం, మూడైతే 55, నాలుగైతే 70. అంటే ఒకటి నుంచి రెండుకు వెళ్లగానే ముప్పు మూడింతలు అవుతోంది. అయిదేళ్ల పిల్లకు ముప్పావుగంట ఆపరేషన్ అంటేనే రెండు మార్కులు వచ్చేశాయి, గమనించండి.

ఈ స్కోరులో లేకపోయినా లెక్కలోకి తీసుకోవాల్సినవి ఇంకొన్ని ఉన్నాయి. టాన్సిల్స్, అడినాయిడ్స్ ఆపరేషన్లలో వాంతులు ఎక్కువ. బయటికి పొడుచుకొచ్చిన చెవులను సరిచేసే ఆపరేషన్ కూడా అంతే. రజస్వల అయిన ఆడపిల్లలకు అదే వయసు మగపిల్లల కంటే ఎక్కువ. ప్రయాణాల్లో కడుపు తిప్పే పిల్లల విషయంలోనూ జాగ్రత్తగా ఉండాలి.

మార్కులు ఎక్కువొచ్చాయని ఆపరేషన్ వాయిదా వేసుకోవద్దు. మత్తు డాక్టర్‌తో ఏం మాట్లాడాలో తెలియడానికే ఈ లెక్క.

## 2. మత్తు డాక్టర్‌కు మీ అంతట మీరే చెప్పాల్సినవి

ఆపరేషన్‌కు ముందు మత్తు డాక్టర్ బిడ్డను చూసి కొన్ని ప్రశ్నలు అడుగుతారు. ఆ కొద్ది నిమిషాల్లో అన్నీ గుర్తుకు రావు. అందుకే కాగితం మీద రాసుకుని వెళ్లండి.

- బిడ్డకు పాత ఆపరేషన్లు ఏమున్నాయి, వాటి తర్వాత వాంతులయ్యాయా, ఎంతసేపు అయ్యాయి
- ఇంట్లోవాళ్లకు ఆపరేషన్ తర్వాత వాంతులైన చరిత్ర
- బస్సులో, కారులో వాంతులు చేసుకునే అలవాటు
- గుండె లయకు సంబంధించిన జబ్బు బిడ్డకు గానీ, కుటుంబంలో గానీ ఉందా (ఒండాన్‌సెట్రాన్ అనే వాంతుల మందు ఇవ్వాలా వద్దా అన్నది దీని మీద ఆధారపడుతుంది)
- రక్త క్యాన్సర్ లేదా లింఫోమా (లింఫు గ్రంథుల క్యాన్సర్) ఉందన్న అనుమానం ఎప్పుడైనా వచ్చిందా, షుగర్ ఉందా (ఇది డెక్సామెథాసోన్ అనే ఇంకో వాంతుల మందు కోసం)
- గతంలో వాంతుల మందు వేస్తే మెడ మెలితిరగడం, కళ్లు పైకి పోవడం లాంటివి జరిగాయా
- ఇప్పుడు వాడుతున్న మందులన్నీ, సిరప్‌లతో సహా
- ఊగుతున్న పన్ను (వాంతులతో దీనికి సంబంధం లేదు, కానీ ఎలాగూ అడుగుతారు)

రెండో అంశాన్ని చాలామంది వదిలేస్తారు. "నాకు ఎప్పుడో గాల్‌బ్లాడర్ ఆపరేషన్ అయినప్పుడు వాంతులయ్యాయి, దానికీ దీనికీ ఏం సంబంధం?" అనుకుంటారు. సంబంధం ఉంది. ఈ స్వభావం కొంతవరకు కుటుంబంలో నడుస్తుంది.

## 3. మత్తు డాక్టర్‌ను అడగాల్సినవి

డాక్టర్‌ను ప్రశ్నలు అడిగితే ఏమనుకుంటారో అని మొహమాటపడకండి. "బాబుకి పోయినసారి బాగా వాంతులయ్యాయండి, ఈసారి కాకుండా ముందే ఏం ఇస్తారు?" అని అడిగితే చాలు, మిగతా మాటలు వాటంతట అవే వస్తాయి. జవాబు అర్థం కావడానికి ఈ కింది విషయాలు తెలిసి ఉండాలి.

మత్తు రకం. మాస్క్ ద్వారా పీల్పించే మత్తు వాయువులు వాంతులను పెంచుతాయి. నైట్రస్ ఆక్సైడ్ కూడా పెంచుతుంది. ప్రొపోఫాల్ అనే తెల్లటి మందును ఆపరేషన్ అయ్యేదాకా నరం ద్వారానే ఇస్తూ ఉంటే వాంతులు తగ్గుతాయి. ముప్పు ఎక్కువున్న పిల్లల్లో ఈ పద్ధతి గురించి తప్పక అడగండి. నిద్రపుచ్చడానికి మాత్రం మాస్క్ వాడి, ఆ తర్వాత నరం మందుకు మారే పద్ధతి కూడా ఉంది. సూదికి భయపడే పిల్లలకు అది బాగుంటుంది.

నొప్పి తగ్గించే పద్ధతి. మార్ఫిన్ జాతి మందులు నొప్పిని బాగా తగ్గిస్తాయి, కానీ కడుపు తిప్పుతాయి. పారాసిటమాల్, ఐబుప్రోఫెన్ లాంటివి ముందే ఇచ్చి, వాటికి తోడు మొద్దుబారే ఇంజెక్షన్ వేస్తే మార్ఫిన్ అవసరం తగ్గుతుంది. హెర్నియా, వృషణం కిందికి దించే ఆపరేషన్ లాంటి వాటికి నడుము కింది భాగంలో కాడల్ బ్లాక్ అనే మొద్దుబారే ఇంజెక్షన్ వేస్తారు. బిడ్డ మత్తులో ఉండగానే వేస్తారు కాబట్టి నొప్పి తెలియదు.

వాంతుల మందులు. పిల్లల్లో ఎక్కువగా వాడేవి రెండు. డెక్సామెథాసోన్‌ను నిద్రపుచ్చిన కొద్దిసేపటికే ఇస్తారు. ఒండాన్‌సెట్రాన్‌ను సాధారణంగా ఆపరేషన్ ముగిసే ముందు ఇస్తారు. రెండూ వేరువేరు దారుల్లో పనిచేస్తాయి కాబట్టి కలిపి ఇస్తే ఒక్కదాని కంటే బాగా ఆపుతాయి. 2020లో వచ్చిన అంతర్జాతీయ మార్గదర్శకాల ప్రకారం ముప్పు కారణాలు ఒకటి రెండు ఉన్నా ఈ రెండూ ఇవ్వడం మంచిది. మూడు లేదా అంతకన్నా ఎక్కువుంటే వాటికి తోడు పైన చెప్పిన ప్రొపోఫాల్ పద్ధతి గురించి కూడా ఆలోచించాలి.

మోతాదు బరువును బట్టి ఉంటుంది: ఒండాన్‌సెట్రాన్ కిలోకు 0.1 మిల్లీగ్రాము, మొత్తం 4 మిల్లీగ్రాములు దాటకుండా. డెక్సామెథాసోన్ కిలోకు 0.15 మిల్లీగ్రాము, 5 దాటకుండా. ఇది ఇంట్లో వేసుకోవడానికి రాసింది కాదు. బిడ్డ బరువును ఆపరేషన్ రోజున సరిగ్గా తూచాలని ఎందుకు పట్టుబడతారో తెలియడానికి. "పోయిన నెల 16 కిలోలు ఉన్నాడు" అని అందాజుగా చెప్పొద్దు.

సెలైన్. ఆపరేషన్ సమయంలో తగినంత సెలైన్ ఎక్కిస్తే తర్వాత వాంతులు తగ్గుతాయి. ఒంట్లో నీరు తక్కువగా ఉన్న బిడ్డకు కడుపు ఎక్కువ తిప్పుతుంది.

మణికట్టు లోపలి వైపు పి6 అనే బిందువు మీద ఒత్తిడి పెట్టే పట్టీల గురించి కూడా అడుగుతుంటారు. వాటికి కొంత ఆధారం ఉంది, హాని లేదు. పెట్టించుకోవచ్చు, కానీ ముప్పు ఎక్కువున్న బిడ్డకు మందులు మానేసి పట్టీ ఒక్కటే సరిపోతుందనుకోవద్దు.

## 4. ఖాళీ కడుపు: ఎన్ని గంటలు, దేనికి

ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే, అదీ రెండు వైపులా.

మత్తులో ఉన్నప్పుడు కడుపులో ఉన్నది పైకి వచ్చి ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణాపాయం. అందుకే ఖాళీ కడుపు. అలాగని రాత్రి భోజనం తర్వాత చుక్క నీరు కూడా ఇవ్వకుండా మర్నాడు మధ్యాహ్నం దాకా ఉంచితే బిడ్డ నీరసించి, దాహంతో, చిరాకుతో థియేటర్‌కు వెళ్తుంది. లేచాక వాంతులూ ఎక్కువవుతాయి.

మామూలుగా పాటించే గంటలు ఇవి:

- గట్టి ఆహారం, డబ్బా పాలు, మామూలు పాలు: 6 గంటల ముందు ఆపాలి
- తల్లిపాలు: 4 గంటల ముందు
- తేట ద్రవాలు, అంటే నీళ్లు, గుజ్జు లేకుండా వడకట్టిన పళ్లరసం: 2 గంటల ముందు

తేట ద్రవాల విషయంలో ఇప్పుడు చాలా చోట్ల ఒక గంట ముందు వరకు ఇవ్వనిస్తున్నారు. యూరప్‌లోని పిల్లల మత్తు డాక్టర్ల సంఘాలు 2018లో దీన్ని ఆమోదించాయి. అమెరికా సంఘం మాత్రం రెండు గంటల దగ్గరే ఉంది. మీ ఆసుపత్రి ఏది పాటిస్తుందో అడిగి, అదే పాటించండి.

ఉదాహరణకు ఆపరేషన్ ఉదయం 9కి అనుకుందాం. తిండి, పాలు తెల్లవారుజామున 3 తర్వాత వద్దు, అంటే ఆచరణలో రాత్రి భోజనమే ఆఖరు. తల్లిపాలు తాగే బిడ్డకు 5 గంటల వరకు ఇవ్వొచ్చు. నీళ్లు 7 వరకు. ఆ ఆఖరి నీళ్లకు కిలోకు 3 మి.లీ. చొప్పున లెక్క వేస్తారు. 15 కిలోల బిడ్డకు 45 మి.లీ. అన్నమాట. నిద్రపోతోంది కదా పాపం అని వదిలేయకుండా లేపి తాగించండి. ఇది చాలామంది చేయరు.

ఇక్కడ జరిగే తప్పులు, వాటికి దిద్దుబాట్లు:

- "కొంచెం పాలే కదా" అని ఇచ్చేయడం. పాలు తేట ద్రవం కాదు, కడుపులో గడ్డకడతాయి. పొరపాటున ఎవరైనా ఇచ్చి ఉంటే దాచకండి. ఆపరేషన్ కొన్ని గంటలు ఆలస్యమవుతుంది, అంతే. దాస్తే జరిగేది దానికన్నా చాలా ఘోరం.
- ఆపరేషన్ టైం వెనక్కి వెళ్లినా బిడ్డను అలాగే ఎండబెట్టడం. ఆలస్యమని తెలియగానే "ఇప్పుడు నీళ్లు ఇవ్వొచ్చా?" అని నర్సును అడగండి. అడగకుండా మాత్రం ఇవ్వొద్దు.
- అన్నయ్యో అక్కయ్యో బిస్కెట్ చేతిలో పెట్టడం. ఇంట్లో అందరికీ ముందు రోజే చెప్పండి.

## 5. సంచిలో సర్దుకోవాల్సినవి

- రెండు జతల బట్టలు బిడ్డకు, ఒకటి మీకు
- పాత తువ్వాళ్లు, మూత బిగుసుకునే డబ్బా లేదా వాంతి సంచులు
- 5 మి.లీ. సిరంజి (సూది లేనిది) లేదా కొలత చెంచా
- ఓఆర్ఎస్ పొట్లం
- బిడ్డకు ఇష్టమైన దుప్పటి, బొమ్మ

## 6. మెలకువ వచ్చాక మొదటి గంట

బిడ్డను పక్కకు తిప్పి పడుకోబెట్టి ఉంచుతారు. వెల్లకిలా తిప్పకండి. వాంతి వస్తే నోట్లోంచి బయటికి పోవాలి, గొంతులోకి కాదు. టాన్సిల్స్ ఆపరేషన్ అయితే ఇది మరీ ముఖ్యం.

చిన్నపిల్లలు "వికారంగా ఉంది" అని చెప్పలేరు. "పొట్ట నొప్పి" అంటారు, లేదా ఊరికే ఏడుస్తారు. ముఖం చూసి పట్టుకోవాలి. అప్పటిదాకా గునుస్తున్న బిడ్డ ఒక్కసారిగా మాట ఆపేస్తుంది. పెదాల చుట్టూ తెల్లబడుతుంది. నోట్లో ఉమ్మి ఊరి, గుటకలు వేస్తుంది లేదా చొంగ కారుస్తుంది. నుదుటి మీద సన్నగా చెమట. ఆవులింతలు వస్తాయి. వీటిలో రెండు కనబడినా నర్సును పిలవండి. ఆ దశలోనే మందు పడితే వాంతి దాకా రాకపోవచ్చు. కాస్త పెద్ద పిల్లలకైతే బొమ్మ ముఖాల వరుస చూపించి ఏది నీలా ఉందని అడుగుతారు.

ఈ గంటలో చేయకూడనివి:

- లేపి కూర్చోబెట్టడం, భుజాన వేసుకుని అటూ ఇటూ తిప్పడం
- చుట్టాలంతా చుట్టూ మూగి పలకరించడం, వీడియో కాల్స్
- ఘాటైన సెంటు, తిండి వాసనలు
- "నీళ్లు తాగుతావా, తాగుతావా" అని వెంటపడటం

థియేటర్‌లో ఏ వాంతుల మందు ఇచ్చారో, ఎన్ని గంటలకో అడిగి రాసుకోండి. ఒండాన్‌సెట్రాన్ ఇచ్చిన ఆరు గంటల లోపే వాంతులైతే అదే మళ్లీ ఇవ్వడం వల్ల పెద్దగా లాభం ఉండదు. వేరే రకం మందు వాడతారు. షిఫ్ట్ మారి కొత్త నర్సు వచ్చినప్పుడు మీ చీటీ పనికొస్తుంది.

## 7. నీళ్లు, తిండి మళ్లీ మొదలుపెట్టే వరుస

అన్నిటికన్నా ముందు ఒక మాట. బిడ్డ అడిగేదాకా ఆగండి. "ఇంటికి పంపాలంటే ఏదైనా తాగి చూపించాలి" అన్న పాత పద్ధతి కొన్ని చోట్ల ఇంకా ఉంది. బలవంతంగా తాగించిన పిల్లల్లో వాంతులు ఎక్కువని తేలింది. ఆపరేషన్‌లో సెలైన్ తగినంత ఎక్కి ఉంటే కొన్ని గంటలు తాగకపోయినా నష్టం లేదు. డిశ్చార్జి కోసం తొందరపెడితే "సెలైన్ ఎక్కింది కదండీ, తనే అడిగాక ఇస్తాం, ఫర్వాలేదా?" అని మర్యాదగా అడగండి.

బిడ్డ దాహమని అడిగాక, డాక్టర్ సరేనన్నాక:

1. సిరంజితో లేదా చెంచాతో 5 మి.లీ. నీళ్లు లేదా ఓఆర్ఎస్ ఇవ్వండి. 5 నిమిషాలు ఆగండి.
2. అరగంట పాటు ఇలాగే. గ్లాసు చేతికి ఇవ్వకండి. దాహం మీద ఉన్న బిడ్డ గటగటా తాగేసి అంతా కక్కేస్తుంది.
3. తాగింది కడుపులో నిలిస్తే ఒక్కో విడతకు 10, తర్వాత 20 మి.లీ.కి పెంచండి.
4. గంట గడిచినా ఇబ్బంది లేకపోతే మెత్తగా, నూనె లేకుండా ఉన్న తిండి నాలుగైదు చెంచాలు పెట్టండి.
5. వేపుళ్లు, మసాలా, తీపి కూల్‌డ్రింకులు మర్నాటికి వాయిదా వేయండి.

తల్లిపాలు తాగే బిడ్డకు ఈ వరుస అక్కర్లేదు. మెలకువ బాగా వచ్చి, డాక్టర్ ఒప్పుకుంటే పాలు పట్టొచ్చు, కాస్త తక్కువసేపు, ఎక్కువసార్లు.

"పొద్దున్నుంచి ఏమీ తినలేదు" అన్న జాలితో మొదటిసారే కడుపు నిండా పెట్టేవాళ్లే ఎక్కువ. ఆ జాలిని రాత్రిదాకా ఆపుకోండి.

## 8. ఇంటికి ప్రయాణం

బయల్దేరే ముందు అరగంట ఏమీ పెట్టకండి. ప్రయాణంలో వాంతులు అలవాటున్న బిడ్డ అయితే బయల్దేరే ముందే డాక్టర్‌కు గుర్తు చేయండి. ఒక పెద్దవాళ్లు బిడ్డ పక్కనే కూర్చోవాలి, బండి నడిపేవాళ్లు కాకుండా ఇంకొకరు. కిటికీ కొంచెం తెరిచి, ఫోన్ చూడనివ్వకుండా ఉంచండి.

## 9. నొప్పి మందులు మానేయకండి

"మందు వేస్తే కక్కేస్తుందేమో" అని నొప్పి మందు ఆపేస్తారు. నొప్పి కూడా వాంతులు తెప్పిస్తుంది, బిడ్డ తాగడం మానేసేలా చేస్తుంది, దాంతో కడుపు ఇంకా తిప్పుతుంది. పారాసిటమాల్‌ను డాక్టర్ రాసిన టైంకి, రాసిన మోతాదులో ఇవ్వండి. ఐబుప్రోఫెన్ రాసి ఉంటే కాస్త తిన్నాక వేయండి.

మందు వేసిన వెంటనే కక్కేస్తే మళ్లీ అదే మోతాదు మీ అంతట మీరు వేయొద్దు. ఎంతసేపటికి కక్కిందో చూసి ఫోన్ చేసి అడగండి.

ఇంట్లో మిగిలిన పాత మందులు ముట్టుకోవద్దు. కోడీన్, ట్రామడాల్ ఉన్న మందులు 12 ఏళ్లలోపు పిల్లలకు ఇవ్వకూడదు. టాన్సిల్స్, అడినాయిడ్స్ తీసిన తర్వాత 18 ఏళ్లలోపు వాళ్లెవరికీ ఇవ్వకూడదు. వీటి వల్ల ఊపిరి మందగించే ప్రమాదం ఉంది. అలర్జీకి, వాంతులకు వాడే ప్రోమెథజైన్ సిరప్ రెండేళ్లలోపు పిల్లలకు అసలు వద్దు. ఒండాన్‌సెట్రాన్ సిరప్ ఇంట్లో ఉందని డాక్టర్‌ను అడగకుండా వేయడం కూడా తప్పే. థియేటర్‌లో ఇప్పటికే ఇచ్చి ఉంటారు.

## 10. అన్నీ చేసినా వాంతి అయితే

ఒకటి రెండు వాంతులకు టెన్షన్ పడక్కర్లేదు. ఇలా చేయండి:

1. వెంటనే పక్కకు తిప్పండి, నోరు తుడవండి. పుక్కిలించగల వయసైతే పుక్కిలించనివ్వండి.
2. వాంతి రంగు చూడండి. ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి, డాక్టర్‌కు మాటల కంటే అదే బాగా పనికొస్తుంది.
3. అరగంట నుంచి గంట దాకా నోటికి ఏమీ ఇవ్వకండి.
4. తర్వాత 7వ అంశంలోని మొదటి మెట్టు నుంచి మళ్లీ మొదలుపెట్టండి, మధ్యలోంచి కాదు.
5. టైం, ఎన్నిసార్లు, మూత్రం ఎప్పుడు పోసింది రాయండి.

టాన్సిల్స్ ఆపరేషన్ తర్వాత ముదురు గోధుమ రంగులో ఒక వాంతి అయితే అది సాధారణంగా ఆపరేషన్‌లో మింగిన పాత రక్తం. ఎర్రటి తాజా రక్తం అలా కాదు. రాత్రి నిద్రలో బిడ్డ గొంతు గమనించండి. మాటిమాటికీ గుటకలు వేస్తుంటే లోపల రక్తం కారుతూ దాన్ని మింగుతున్నట్టు కావచ్చు. లేపి, టార్చ్ వేసి నోట్లో చూడండి. ఈ రక్తస్రావం మొదటి రోజే కాక, 5 నుంచి 10 రోజుల మధ్య కూడా వస్తుంది. అందుకే టార్చ్‌ను ఆ పది రోజులూ మంచం పక్కనే పెట్టుకోండి.

## 11. ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాల్సిన సందర్భాలు

- వాంతిలో తాజా రక్తం, లేదా నిద్రలో ఆగని గుటకలు
- ఆకుపచ్చ రంగు వాంతి
- పొట్ట ఉబ్బి గట్టిపడటం, నొప్పి పెరుగుతూ పోవడం
- ఏది తాగినా నిలవకుండా గంటల తరబడి వాంతులు
- 8 గంటలుగా మూత్రం లేకపోవడం, నోరు పిడచగట్టడం, ఏడ్చినా కన్నీళ్లు రాకపోవడం
- లేపినా సరిగ్గా లేవకపోవడం, మాట తడబడటం
- తీవ్రమైన తలనొప్పితో వాంతులు
- ఊపిరి తీసుకోవడంలో ఇబ్బంది, పెదాలు నీలిరంగు తిరగడం
- జ్వరంతో పాటు వాంతులు ఆగకపోవడం

ఫోన్ చేసేటప్పుడు ఈ వరుసలో చెప్పండి: బిడ్డ వయసు, బరువు, ఏ ఆపరేషన్, ఎప్పుడు అయింది, ఎన్ని వాంతులు, ఏ రంగు, ఆఖరి మూత్రం ఎప్పుడు, ఏ మందు ఎన్నింటికి వేశారు. ఊపిరి ఇబ్బంది, స్పృహ తగ్గడం, తాజా రక్తం ఉంటే మాత్రం ఫోన్ ఎత్తేదాకా ఇంట్లో కూర్చోకండి. దారిలో ఉండగా చేయొచ్చు.